బ్యాటు మోసుకుని నడిచి వెళ్ళిన దొర

నేను రిటైరైనవాణ్ణి కాను. నాకు ముప్పై మూడేళ్ళే. రిటైరైంది నా ఉద్యోగం. లత టౌన్‌షిప్‌లో ఒక పాత మేడ మూడో అంతస్తులో, బంగారం కొట్టు పైన, సినిమాలకు బర్మీసు సబ్‌టైటిల్స్ వేసే చిన్న స్టూడియో ఉండేది. అందులో నాలుగేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఆ గదిలో ఫోన్ల కవర్లు నిల్వ చేస్తున్నారు.

ఆదివారాలు మన తెలుగువాళ్ళ హాల్లో కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చే మీలో కొందరు, "ఆ పనిలో కష్టమేటన్నా, మాటలు టైపు సెయ్యడమే గదా" అంటుంటారు. మీ కోసమే ఈ ఒక్క సినిమా సంగతి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. టీ కొట్లో ఎదురుపడతారు.

పని గురించి మీకు తెలియాల్సినవి మూడే.

ఒకటి, తెర మీద అక్షరాలు రెండు వరుసలు మించకూడదు.

రెండు, మనిషి మాట్లాడినంతసేపే అవి ఉండాలి. చాలాసార్లు అది మూడు సెకన్లు కూడా ఉండదు.

మూడు, అక్షరాలను బొమ్మలో కలిపేశాక ఒక్క చుక్క మార్చాలన్నా సినిమా మొత్తం మళ్ళీ మొదటినుంచి తయారు చేసుకోవాలి. మా కంప్యూటరు మీద గంటన్నర సినిమాకు అది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈ ఊళ్ళో కరెంటు వంతులవారీగా వస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

స్టూడియోలో మేం ముగ్గురం. యజమానిని అకో అనేవాణ్ణి, బర్మీసులో అన్న అని. అనువాదం చేసేది సయామా, అంటే పంతులమ్మ. నిజంగానే బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బైకి దగ్గరపడింది. పెన్సిలుతో రాసేది, రబ్బరుతో చెరిపేది, కంప్యూటరు ముట్టేది కాదు. ఆమె రాసింది తెర మీదికి ఎక్కించి, సమయం కుదర్చడం నా పని. సినిమా చివర ఒక్కటే పేరు పడేది, "అనువాదం" అని ఆమెది. నా పేరు పడదు. ఆ రోజుల్లో అది నాకు అన్యాయంగా తోచేది.

ఆ ఏడాది ఊళ్ళో ఒక సినిమా హాలువాళ్ళు పదమూడు డాక్యుమెంటరీలు వేయాలనుకున్నారు. అన్నీ ఒక వృత్తి వదిలి మరో వృత్తిలో పేరు తెచ్చుకున్నవాళ్ళ కథలు. మొదటిది మాకిచ్చారు. అది నచ్చితే మిగతా పన్నెండూ మావే, లేకపోతే మరొకరివి. స్టూడియో మరో ఏడాది నడవడం ఆ మొదటి సినిమా మీద ఉందని అకో ఏమీ దాచకుండా చెప్పాడు.

ఆ మొదటిది ఒక ఇంగ్లీషు దొర జీవితం. కుర్రతనంలో క్రికెటర్. తర్వాత బ్యాటు పక్కన పెట్టి నాటకాల్లో చేరాడు. తల నెరిశాక సినిమాల్లోకి వెళ్ళాడు. జడ్జీలు, జనరల్‌లు, కోపిష్టి మామగార్లు అన్నీ ఆయనే. సగం సినిమా ఆట, సగం నటన.

స్క్రిప్టు తిరగేసి సయామా కళ్ళజోడు తీసేసింది. "ఈ ఆట నాకొక్క ముక్క తెలీదు. క్రికెట్ అంటే నాకు తెలిసింది వీధి చివర వేయించి అమ్మే పురుగే" అంది. ఇంగ్లీషులో ఆ కీచురాయి పేరూ ఈ ఆట పేరూ ఒకటే మరి.

అకో నావైపు తిరిగాడు. "మనవాడున్నాడుగా. ఇండియావాళ్ళకు క్రికెట్ రక్తంలోనే ఉంటుంది. తెలుసు కదా తమ్ముడూ?"

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చింది ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోయడానికి. మా రక్తంలో ఏదైనా ఉంటే నడుంనొప్పి ఉండాలి. నేను ఆడింది ఫుట్‌బాలు, బెత్తం బంతిని కాళ్ళతో తన్నే చిన్లోన్. క్రికెట్ బంతి చేత్తో పట్టుకుని ఎరగను. కానీ అకో నన్ను పర్మనెంటు చేసింది ఆ వారమే. "తెలీదు" అనే మాట ఆ వారం నా నోటికి రాలేదు.

"తెలుసు అకో" అన్నాను.

తెలియనిది తెలుసుకోవచ్చు, దానికొక పద్ధతుంటే చాలు అని నా నమ్మకం. పాలిటెక్నిక్‌లో నేర్పింది అదే. స్క్రిప్టు అంతా వెతికి వింతగా ఉన్న మాటలన్నీ ఏరాను. ముప్పై ఎనిమిది వచ్చాయి. నెట్టు పనిచేసినప్పుడల్లా ఒక్కో మాటనూ రెండు చోట్ల సరిచూశాను. దొర మొదటి ఆటలో "డక్" సంపాదించాడని ఉంటే, బహుమతిగా బాతునిచ్చారేమోనని సయామా అనుకుంది. కాదు, పరుగు లేకుండా ఔటవడమని నేనే దిద్దాను. ఆమె నన్ను మెచ్చుకుంది. ప్రతి సినిమాకూ నింపే మా ఫారంలో పద్నాలుగో గడి, "ఆట మాటలు సరిచూసినవారు". అక్కడ సంతకం పెట్టాను. ఫైలు శుక్రవారం హాలుకు పంపేశాం. ప్రదర్శన ఆదివారం మూడింటికి.

ఆ జాబితా ఇప్పటికీ నా దగ్గరుంది. ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిదీ సరైనవే. ఇబ్బందల్లా జాబితాకెక్కని మాటలతో వచ్చింది.

శనివారం పొద్దున మింగళ తౌంగ్‌న్యున్‌లో, మా ఇంటి కింది అంతస్తులో ఉండే చిన్నతాత దగ్గరికి లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. నా పని ఎవరికైనా చూపించాలనిపించింది, అంతే. తాత సేక్కాన్ రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. చదివేది బర్మీసే. ఆయనకొచ్చిన ఇంగ్లీషు రెండు రకాలు, క్రేన్ ఇంగ్లీషు, క్రికెట్ ఇంగ్లీషు. రేవు కూలీల జట్టులో పదేళ్ళు ఆడాడట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఇరవై ఏళ్ళుగా ఒకే మేడలో ఉంటున్నాం.

ఇరవయ్యో నిమిషంలో తాత చెయ్యెత్తాడు. "ఆపు, ఆపు. ఏటిరా ఇది? ఈ దొర తన బ్యాటు తనే మోసుకున్నాడని రాసినావు?"

"అవును తాతా. వినయం. పెద్దింటివాడైనా తన సామాను తనే మోసుకున్నాడని."

"ఇనయమా! ఒరే, ఆడు 'క్యారీడ్ హిజ్ బ్యాట్' అన్నాడు. నాను ఇన్నాను. మొదట దిగినోడు ఆకరుదాకా అవుట్ అవ్వకండా నిలబడిపోతే అలగంతారు. అందరూ ఎల్లిపోనారు, ఈడొక్కడే నిలిసినాడు. నువ్వేమో దొరని కూలీవోణ్ణి సేసీసినావు. మన జట్టులో కలిపీసినావు!"

నాకు నవ్వు రాలేదు. ఆ వాక్యంలో ప్రతి మాటా నాకు తెలిసిందే. క్యారీ తెలుసు, బ్యాట్ తెలుసు. తెలిసిన మాటలను జాబితాలో ఎవరు రాస్తారు?

బాగా వచ్చిందనుకున్న ఘట్టమైనా చూపిద్దామని, మధ్యలోది దాటేసి ఒక గంటా ఇరవయ్యొకటో నిమిషానికి జరిపాను, అసలైంది అక్కడ వచ్చింది. ఆ ఘట్టం మీకు చెప్పాలి. దొర ముసలివాడయ్యాడు, ఒక సినిమాలో జడ్జీ వేషం. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆ సినిమాలో ఒక్కటే మాట ఉంది. షూటింగులో దొర తన మాట ఒక క్షణం ముందు అందుకోవడంతో ఆ అమ్మాయి మాట వినబడకుండా పోయింది. ఎవరూ గమనించలేదు. దర్శకుడు భేష్ అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. దొర మాత్రం లేచి నిలబడి, "తప్పు నాది, ఈమె మాట నేను తినేశాను, మళ్ళీ తీయండి" అన్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ముసలామె. కెమెరా ముందు కూర్చుని ఇదంతా చెప్పి, కళ్ళు తుడుచుకుని, చివర రెండు చిన్న వాక్యాలు అంటుంది. "హీ వాక్డ్. హీ ఆల్వేజ్ వాక్డ్."

కింద మా బర్మీసు అక్షరాలు: "ఆయన నడిచి వెళ్ళాడు. ఎప్పుడూ నడిచే వెళ్ళేవాడు."

"ఇందాకే కారు సూపించినావు గదరా, కారేటైపోనాది? అమ్మీసినాడేటి?" అని తాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ పళ్ళ సెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. నా మొహం చూశాక దాన్ని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీకు తెలీదేటి? బంతి బ్యాటుకి తగిలిందనుకో. సన్నగా. ఎనకాల పట్టీసినారు. అంపైరుకి ఇనబడనేదు. నిలబడిపోతే నువ్వు బతికిపోతావు. కానీ తగిలినట్టు నీకు తెలుసు గదా. అంపైరు ఏలెత్తకముందే నీ అంతట నువ్వే ఎల్లిపోతావు సూడు, దాన్నంతారు వాకింగ్ అని."

"ఇది ఎవరికైనా తెలుస్తుందా తాతా? హాలుకు వచ్చేవాళ్ళకు?"

"ఇంగ్లీషు బొత్తిగా రాని ముసిలోణ్ణి, నాకే తెలిసిపోనాది. సదువుకున్నోళ్ళకి తెలీదేటి? రేపు అందరూ నవ్వుతారు. ఆవిడేమో తెర మీద ఏడుస్తుంటాది."

అప్పుడు పదీ నలభై. నేను ఏం చేయొచ్చో మనసులో రాసుకున్నాను.

మొదటి దారి, ఏమీ చేయకపోవడం. నవ్వులపాలయ్యేది సయామా పేరు. నాది కాదు, నా పేరు పడదు కదా.

రెండో దారి, ఫారం వెనకవైపు ఉన్న "సమయ సవరణ" గడి. మాటలు అర సెకను అటూ ఇటూ అయితే నేనొక్కణ్ణే దిద్దుకుని మళ్ళీ పంపొచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అక్షరాలు ఆలస్యమయ్యాయని చెప్పి, లోపల మాటలు మార్చేయవచ్చు. నా బర్మీసు బాగానే ఉంటుంది. ఎవరికీ తెలియదు.

ఈ రెండో దారి నాకు చాలా నచ్చింది. పది నిమిషాలు అందులోనే ఉన్నాను. నన్ను ఆపింది ధైర్యమని రాస్తే మీరు నమ్మొచ్చు, కానీ ఆపింది లెక్క. నాకు తెలియకుండానే రెండు తప్పులు వచ్చాయి. ఇంకెన్ని ఉన్నాయి? ఏది తప్పో చెప్పగలిగేది ఒక్క తాతే. ఆయనకు ఒక్కో వాక్యమూ చదివి వినిపించాలంటే ఇంగ్లీషు స్క్రిప్టు కావాలి. ఆ స్క్రిప్టు సయామా దగ్గరుంది.

"నానూ వస్తాను" అన్నాడు తాత, లుంగీ సర్దుకుంటూ. "నిన్నొక్కణ్ణే అంపిస్తే ఇంకేటి మోయిస్తావో దొర సేత."

సయామా ఉండేది మా స్టూడియో వెనక వీధిలో, ఐదో అంతస్తు. బాల్కనీ నుంచి వేలాడే తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఆమె తొంగి చూసింది. తాళంచెవి తాడుకు కట్టి దించబోతే, తాత ఐదు అంతస్తులు ఎక్కలేడు, మీరే రండి, స్క్రిప్టు కూడా తీసుకురండి అని అరిచాను. ఇంటి చెప్పులతోనే దిగి వచ్చింది.

మెట్ల దగ్గరే చెప్పేశాను. మూడు విషయాలు, వరుసగా. నాకు క్రికెట్ తెలియదు. తెలుసని అబద్ధం చెప్పాను. మీ అనువాదంలో తప్పులున్నాయి, అవి నావి.

ఆమె స్క్రిప్టులో ఒక పేజీ తీసి నాకు చూపించింది. ముసలామె మాట పక్కన, అంచులో, చెరిపేసిన పెన్సిలు గుర్తు. వెలుతురుకు పెట్టి చూస్తే అది ప్రశ్నార్థకం.

"మనిషి నడిచి వెళ్ళాడని చెప్పడానికి ఈమె ఏడవడమెందుకు అనుకున్నాను. నిన్ను అడుగుదామని గుర్తు పెట్టుకున్నాను. తెలిసినవాడివి, నీకేమీ తేడా కనిపించలేదు కదా అని చెరిపేశాను."

తిట్టి ఉంటే బాగుండేది.

పక్కనే ఉన్న టీ కొట్లో పొట్టి స్టూళ్ళ మీద కూర్చున్నాం. అక్కణ్ణుంచే అకోకు ఫోను చేశాను. సంగతంతా చెప్పాను.

"ఎన్ని లైన్లు?"

"ఇప్పటికి రెండు. ఇంకా వెతుకుతున్నాం."

"నీకు క్రికెట్ తెలుసన్నావు."

"తెలీదు అకో."

"మరి ఏం తెలుసు నీకు?"

"చిన్లోన్."

ఆయన ముక్కుతో ఒక శబ్దం చేశాడు. కోపమో నవ్వో తెలియలేదు. "లతలో ఇవాళ కరెంటు ఒంటిగంట నుంచి ఐదింటిదాకా. జెనరేటర్లో డీజిలు లేదు. హాలువాళ్ళతో నేను మాట్లాడతాను. నువ్వు ముందు లెక్క తేల్చు" అని పెట్టేశాడు.

సయామా ఇంగ్లీషు వాక్యం చదివేది, బర్మీసులో చెప్పేది. తాత వినేవాడు. టీ గ్లాసులు ఫీల్డర్లయ్యాయి, చెంచా బ్యాటయింది. పన్నెండూ యాభైకి పూర్తయింది. మొత్తం నాలుగు లైన్లు. బ్యాటు మోసింది ఒకటి. నడిచి వెళ్ళింది రెండు, మధ్యలో పాత ఆటగాడొకడు కూడా ఆ మాటే అంటాడు. నాలుగోది, ఒకే రోజు దొరను రెండుసార్లు జట్టులోంచి "డ్రాప్" చేశారని రాశాం. జారవిడిచింది ఆయన కొట్టిన క్యాచ్‌లను.

మూడు లైన్లు తేలిగ్గానే కుదిరాయి. ఆ ముసలామె మాట కుదరలేదు. ఆమె ఆ రెండు వాక్యాలు అనే సమయం రెండు పాయింట్ ఎనిమిది సెకన్లు. సయామా రాసింది తెర మీద మూడు వరుసలు వచ్చింది. తగ్గించి రాస్తే అర్థం పోయింది. "నిజాయితీపరుడు" అని రాద్దామా అన్నాను. "అది సర్టిఫికెట్టులో రాసే మాట. ఏడుస్తున్న మనిషి అనదు" అంది.

తాత ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి నాతో తెలుగులో అన్నాడు.

"మా జట్టులో ఒకడుండీవోడు అలాటోడు. ఆడి మూలంగా మూడు మ్యాచీలు ఓడిపోనాం. ఏలెత్తకముందే ఎల్లిపోయీవోడు, ఎదవ. తిట్టినాం, కొట్టబోనాం కూడా. మరి ఆడు సచ్చిపోనప్పుడు మొయ్యడానికి మిగతా పది మందిమీ ఎల్లినాం. మాలో మాకు దెబ్బలాట, నాను ముందంటే నాను ముందని."

సయామా ఏమన్నాడని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ మొదటిది మళ్ళీ చెప్పు. వేలు?"

"వేలెత్తకముందే వెళ్ళిపోయేవాడు."

పెన్సిలు తీసింది. "వేలెత్తేదాకా ఉండలేదు. ఎప్పుడూ ఉండేవాడు కాదు." బర్మీసులో అది ఒకటిన్నర వరుస. రెండు పాయింట్ ఆరు సెకన్లు. అంపైరు వేలెత్తే సంగతి సినిమాలో ముందే రెండుచోట్ల బొమ్మలో కనిపిస్తుంది కాబట్టి క్రికెట్ తెలియనివాళ్ళకూ అందుతుంది.

కరెంటు ఒంటిగంటా పదికి వచ్చింది. నాలుగు లైన్లు దిద్ది, సయామా ఒక్కొక్కటీ చూసి తలూపాక, ముందువీ వెనకవీ కూడా మళ్ళీ ఒకసారి నడిపి, తయారీ మొదలుపెట్టేసరికి రెండూ ముప్పై రెండు. రెండు గంటల ఇరవై కలిపితే నాలుగూ యాభై రెండు. ఎనిమిది నిమిషాలు మిగులు, అది కూడా కరెంటువాళ్ళు మాట మీద నిలబడితే.

అకో వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నాడు. హాలువాళ్ళకు ఏం చెప్పాడని అడిగాను. "తప్పులున్నాయి, మావే, కొత్త ఫైలు తెస్తాం అన్నాను. ఎవరివని వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు" అన్నాడు. మూడంతస్తులు ఆగి ఆగి ఎక్కి వచ్చిన తాత అదే గదిలో చాప మీద పడి గురక పెట్టాడు. చేయడానికి పనేమీ లేదు. తెర మీద ఒక నీలం గీత నెమ్మదిగా కుడివైపు జరుగుతూ ఉంటుంది, దాన్ని చూడటమే.

నాలుగూ ముప్పై ఎనిమిదికి బల్బు ఒకసారి ఆరి వెలిగింది. యూపీఎస్ కీచుమంది. ముగ్గురం ఒకేసారి లేచి నిలబడ్డాం, నిలబడి చేసేదేమీ లేకపోయినా. గీత ఆగలేదు. నాలుగూ యాభై నాలుగుకు పూర్తయింది. డిస్కులోకి ఎక్కించి, తీసి, అకో చేతిలో పెట్టాను. ఆయన మెట్లు దిగుతుండగానే ఫ్యాను ఆగిపోయింది. గడియారం చూశాను. ఐదూ ఏడు. కరెంటువాళ్ళు ఆ రోజు ఏడు నిమిషాలు ఆలస్యంగా తీశారు.

ఆ పన్నెండు సినిమాలూ మాకే వచ్చాయి, ఏడాది గడిచింది. అవి రాకపోయినా ఆ శనివారం సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని తాగిన చెరకురసం రుచి తగ్గేది కాదనుకుంటాను. అకో నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఫారంలో పద్నాలుగో గడి పక్కన మాత్రం "ఎవరిని అడిగారు?" అని ఇంకో గడి గీశాడు. మొదటి ఫారంలో అక్కడ తాత పేరు రాశాను. హోదా దగ్గర ఏం రాయాలని అడిగితే, "ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ అని ఎట్టు" అన్నాడు.

ఆ శనివారం మర్నాడు, ఆదివారం ప్రదర్శనకు హాలు నిండింది. తాత తనతో పాటు రేవులో పనిచేసిన ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. సయామా మా ఇద్దరి మధ్య కూర్చుంది, పట్టు లుంగీ, జడలో పువ్వు. నేను తెర చూడలేదు, జనం తలలు చూశాను. బ్యాటు మాట దగ్గర ఎవరూ నవ్వలేదు. గంటా ఇరవయ్యొకటో నిమిషం వచ్చింది. ముసలామె కళ్ళు తుడుచుకుంది. రెండు వాక్యాలు అంది. అక్షరాలు వచ్చాయి, ఉన్నాయి, పోయాయి. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. తాత పెదవులు కదుపుతూ ఆ లైను చదువుకుని, పక్కనున్న రేవు మనిషి మోకాలు మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి ఆ చేతిని తీయలేదు.

నాలుగు నిమిషాల తర్వాత ఒక లైను కొంచెం ఆలస్యంగా వచ్చింది. నాలుగు ఫ్రేములు. నాకు తప్ప ఎవరికీ కనిపించనంత. నేను వెంటనే సయామా వైపు వంగాను.

"అది ఆలస్యమైంది సయామా. నా తప్పే."

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "సరే, ఇక ఊరుకో" అంది. "సినిమా చూడనీ."